మా ఊరి వడ్లు కొనే సెంటర్ల కాంటాకు ఒక ఉత్తరం

కాంటా సారూ,

నమస్తే. పోయిన వానాకాలం పదకొండు దినాలు మీ పక్కనే పట్టా పరుచుకొని పన్నది నేనే, మాయిశ్చర్ (తేమ) 17 శాతం దాటిందని నాలుగు సార్లు తిరగేసిన వడ్లు నావే, యాదికి వచ్చి ఉంటది.

ఆ రోజు హమాలోళ్లు ఎర్రజెండా కాడ కూసొని బస్తాకు ఇంకో రెండు రూపాయలు పెంచితెనే లేపుతం అన్నరు సూడండి, మా రైతులకు ఏడలేని రోషం పొడుచుకొచ్చింది. యూనియన్ పెట్టుకొని నెత్తికెక్కిన్రని ఒకలు, దసరాకు బట్టలు కూడ అడిగిన్రట అని ఇంకొకలు. అందరికన్న ఎక్కువ ఒర్రింది మా బావ. ఆయన ఆర్టీసీ డ్రైవరు. 2019 అక్టోబర్ 5 నుంచి 52 దినాల సమ్మెల నల్లగొండ డిపో గేటు కాడ యూనియన్ జిందాబాద్ అని గొంతు పోగొట్టుకొని, జీతం రాక మా ఇంట్లకెల్లే బియ్యం తీస్కపోయిన మనిషి, ఇప్పుడు నా కుప్ప మీద నిలబడి "వీళ్లకు మరీ ఆశెక్కువైంది" అంటడు. ఈయనకైతే పీఎఫ్ ఉన్నది, వాళ్లకున్నది నడుము నొప్పి.

లారీకి 600 బస్తాలు, బస్తాకు 40 కిలోలు, ఎత్తేది పన్నెండు మంది. సెల్లుల లెక్క కొడితే మనిషికి రెండు టన్నులు పడ్డది. బావకు సూపిస్తే "అలవాటైన పానాలు లే" అన్నడు. గప్పుడే ఒకాయన తువ్వాల తీసి చెమట తుడుసుకున్నడు, మెడ కింద కాడి మోసిన ఎద్దు లెక్క కాయ కాసి ఉన్నది. బావ సెల్లు సూస్కుంటున్నడు.

ఇగ మీ సంగతి. సంచి బరువు తీసేసినంక కూడ బస్తాకు ఇంకో కిలో మీ మీద ఎక్కిచ్చిన్రు, మిల్లోళ్లు కోసే తరుగట. 2025-26ల ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 ఉండె, అంటే ఆ కిలో దగ్గర దగ్గర 24 రూపాయలు, నా 200 బస్తాలకు 4,778. హమాలోళ్లు అడిగింది మొత్తం కలిపి 400. ఆ నాలుగు వందలకు రెండు గంటలు కొట్లాడినం, ఈ నాలుగు వేల ఏడు వందలకు ఒక్కడు నోరు తెర్వలే, నేను సుత. మేం మద్దతు ధర అడిగితే హక్కు, వాళ్లు కూలి అడిగితే బలుపు, మిల్లోళ్లు కోస్తే మా కర్మ. గీ లెక్క మీరే నేర్పిన్రా సారూ, మాకు పుట్టుకతోనే వచ్చిందా?

లారీ మిర్యాలగూడ దిక్కు పోయినంక రాత్రి మిల్లు కెల్లి ఫోనొచ్చింది. తాలు ఉన్నదట, బస్తాకు ఇంకో కిలో తీస్తెనే దించుతరట. బావ నా దిక్కు సూసిండు, నేను మీ దిక్కు సూసిన, మీరు ఎర్రగ సున్నాలు సూపిచ్చుకుంట కూసున్నరు. "సరే కానియ్యండి సారూ" అన్న.

హమాలోళ్లకు మాత్రం రూపాయి కన్న ఎక్కువ పెంచద్దని ఆ రాత్రే అందరం కలిసి తీర్మానం చేసినం.

ఇట్లు,
పద్నాలుగో నంబర్ కుప్ప