తాగని నేలకు తాగునీటి రుసుము

చెన్నై నగరంలో ఖాళీ స్థలం ఉన్నవారు కూడా నీటికీ మురుగునీటి పారుదలకూ రుసుము కట్టాలన్న మాట వినిపించినప్పుడల్లా స్థల యజమానులు కొందరు అనవసరంగా ఆవేశపడుతున్నారు. కుళాయి లేదు, గొట్టం లేదు, స్నానం చేసే మనిషి లేడు, ఇక దేనికి కట్టాలని వారి ప్రశ్న. ఈ ప్రశ్నలో పౌరబాధ్యత లోపించిందని చెప్పక తప్పదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు వెక్కిరించారే గానీ, సోమలింగం పుట్టకముందే అతని పేరిట ఖాతా తెరిచి బాకీ రాసిపెట్టడంలోని పాలనాదక్షత వారికి తోచలేదు.

అసలు ఈ నగరంలో నీటిపన్నుకూ నీళ్లకూ ఉన్న బంధం మొదటి నుంచీ ఆధ్యాత్మికమైనదే. భవనం వార్షిక విలువలో 7 శాతాన్ని నీరు, మురుగునీటి పన్నుగా ఆరు నెలలకోసారి వసూలు చేస్తారు. ఆ ఇంట్లో ఎన్ని బిందెలు నిండాయన్నది ఆ లెక్కలోకి రాదు. ఇల్లు ఎంత ఖరీదైనదో దాహం అంత గొప్పదని సూత్రం. గోడలున్న చోట చెల్లిన సూత్రం గోడలు లేనిచోట చెల్లకూడదనడం పక్షపాతం. పైగా వీధిలో గొట్టం పడిందంటే స్థలం ధర పెరుగుతుంది. చేతులు కట్టుకు కూర్చుని ఆ పెరుగుదలను అనుభవించే యజమాని గొట్టం ఖర్చులో వాటా ఇవ్వాలనడం నిజంగానే న్యాయం, ఈ ఒక్క వాక్యంలో వ్యంగ్యం లేదు. గొట్టం పడని వీధిలోనూ అదే న్యాయం నడవాలన్నప్పుడే దాని అసలు వైభవం కనబడుతుంది. 2011లో నగరం 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెరిగింది. హద్దు పెరగడానికి ఉత్తర్వు చాలింది. గొట్టం పెరగడానికి మాత్రం, దురదృష్టవశాత్తు, ఇప్పటికీ గొయ్యి తవ్వాల్సి వస్తున్నది.

అంబత్తూరు వైపు అలాంటి స్థలం ఒకదాన్ని నిదానంగా చూడండి. చెన్నై కొలతలో ఒక గ్రౌండు, అంటే 2400 చదరపు అడుగులు, నాలుగు మూలలా హద్దురాళ్లు, నడుమ సీమతుమ్మ. 'ఈ స్థలం అమ్మకానికి కాదు' అని తమిళంలో ఒక రేకు బోర్డు, దాని కింద పెరంబూరులో ఉంటున్న తెలుగు యజమాని ఫోను నెంబరు, అందులో చివరి రెండు అంకెలు వానకు చెరిగిపోయాయి. ఎడమ ఇంటివారి ఏసీ నీళ్లు గోడ మీదుగా చుక్కచుక్కగా ఇటే పడతాయి. కుడి ఇంటివారి వాషింగ్ మెషిన్ గొట్టం నురగతో సహా ఇటే తిరిగి ఉంటుంది. ఈ స్థలానికి అందుతున్న నీటి సరఫరా ఇదే. మురుగునీటి సేవ కూడా ఇదే, కాకపోతే ఆ సేవ చేస్తున్నది స్థలం, పొందుతున్నది పక్కవారు. రుసుము ఎవరికి పడాలో నిర్ణయించడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం ఉండబోదు.

ఈ స్థలం చేస్తున్న నేరాలు ఇంకా ఉన్నాయి. వాననీటి గుంతలు ప్రతి భవనానికీ తప్పనిసరి అని 2003లో ప్రభుత్వం పట్టుబట్టినప్పుడు జనం గుంత తవ్వి, ఇసుక పోసి, కంకర పరిచి నానా అవస్థలూ పడ్డారు. ఈ స్థలం అవేమీ లేకుండానే ఈశాన్య రుతుపవనాల వానను తాగి, పక్కింటి బోరుకు అందిస్తున్నది. అనుమతి లేకుండా భూగర్భజలం సరఫరా చేస్తున్నందుకు అపరాధ రుసుము విడిగా వేయవచ్చు. 2015 డిసెంబరు వరదలో ఖాళీ స్థలాలు మోకాలి లోతున నీటిని నిల్వ చేసుకున్నాయి. అప్పటికే మీటర్లు బిగించి ఉంటే ఖజానా కూడా పొంగి పొర్లేది. ఇక 2019 వేసవిలో జలాశయాలు ఎండిపోయి, జులైలో జోలార్‌పేట్టై నుంచి 50 వ్యాగన్ల రైలులో ఒక్కో విడతకు 25 లక్షల లీటర్ల నీళ్లు తెప్పించుకున్న రోజుల్లో, నగరంలో ఒక్క బిందె కూడా అడగని పౌరుడు ఖాళీ స్థలమే. అంత పొదుపరిని శిక్షించకుండా వదిలితే మిగతావారికీ అదే అలవాటవుతుంది.

ఈ విషయంలో తెలుగువారు మరింత ముందుండాలని నా మనవి. టీనగర్‌లో ఏ తెలుగు ఇంటికి వెళ్లినా 'మీరు తాగేవి మా కృష్ణా నీళ్లండీ' అనే మాట కాఫీ కంటే ముందు వస్తుంది. తెలుగుగంగ పథకం కోసం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు చేసుకున్న 1983 ఒప్పందం ప్రకారం ఏటా 15 టీఎంసీలు విడుదల కావాలి, దారిలో 3 టీఎంసీలు ఆవిరి కావచ్చు, మిగిలిన 12 ఊత్తుక్కోట్టై దగ్గర తమిళనాడు సరిహద్దులోని జీరో పాయింటుకు చేరాలి. 1996లో మొదటిసారి చేరాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు 12 అన్న అంకె కాగితం మీదే నిండింది. రాని నీటికి లెక్క రాసే విద్యలో ఇంత అనుభవం ఉన్న జాతి, లేని ఇంటికి బిల్లు వచ్చిందని గోల చేయడం ఏం బాగుంటుంది?

అమలులో చిక్కులేమీ లేవు. మీటరు రీడరు నెలకోసారి వచ్చి, తుమ్మచెట్టుకు కట్టిన మీటరులో సున్నాను జాగ్రత్తగా నమోదు చేసుకుని, కనీస రుసుము కింద బిల్లు రాసి కొమ్మకు గుచ్చి వెళ్తే సరిపోతుంది. యజమాని ఎప్పటికైనా ఇల్లు కట్టి కనెక్షన్‌కు దరఖాస్తు చేసినప్పుడు, తాగని సంవత్సరాలన్నిటికీ రసీదులు జతపరచాలి. కనెక్షన్ వచ్చేదాకా సంపులోకి నీళ్లు ఎలాగూ లారీలోనే వస్తాయి; లారీ డబ్బులు మాత్రం వేరే.