రామోన్స్‌కు వాయించడం రాదన్న మాట అబద్ధం

"వాయించడం రాని నలుగురు కుర్రాళ్లు చేసిన గోల. అప్పట్లో ఎవరూ కొనలేదు. ఇప్పుడు టీషర్టుల మీది బొమ్మగానే మిగిలింది." 1976 ఏప్రిల్‌లో వచ్చిన అమెరికా పంక్ రాక్ బ్యాండ్ రామోన్స్ తొలి ఆల్బమ్ గురించి ఈ మాట ఏళ్లుగా తిరుగుతోంది. వేగంగా, సాదాగా, ఆర్భాటం లేకుండా సాగే ఆ పంక్ రాక్‌ను ప్రేమించేవాడిగా దీన్ని ఇలాగే వదిలేయలేను.

అమ్మకాల సంగతి ఒప్పుకుంటాను. అమెరికాలో ఆల్బమ్‌లకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ జాబితాలో అది 111వ స్థానం దాటి పైకి రాలేదు. అమెరికాలో ఐదు లక్షల ప్రతులకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు 2014లో గానీ దక్కలేదు. కానీ 38 ఏళ్ల తర్వాత కూడా ఆ లెక్క పెరుగుతూ వచ్చిందంటే, కొత్త తరాలు వెతుక్కుని మరీ కొన్నాయనే కదా అర్థం.

ఇక వాయించడం రాదన్న మాట. నాకు అసలు కోపం తెప్పించేది ఇదే. బ్యాండ్ గిటారిస్టు జానీ రామోన్ తీగలను దాదాపు అంతా పైనుంచి కిందికే మీటేవాడు. మామూలుగా ఆ వేగంలో చెయ్యి కిందికీ పైకీ ఆడితేనే శ్రమ తగ్గుతుంది. అతను ఆ వెసులుబాటు తీసుకోలేదు. ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడాలి, పాట చివరిదాకా లయ తప్పకూడదు. చేతిలో గిటారు ఉన్నవారు ఒక్క పాట అలా వాయించి చూడండి, మణికట్టే జవాబు చెబుతుంది. కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, తక్కువే, నిజం. అయితే గిటారు ఒక్కటే ముందుకొచ్చి వాయించే సోలోలు, అలంకారాలు తీసేశాక తప్పు దాచుకోవడానికి చోటుండదు. 14 పాటలు, అరగంట లోపే అయిపోతాయి.

గోల అన్నవారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి. గిటారు ఒక చెవిలో, బేస్ గిటారు మరో చెవిలో, గొంతూ డ్రమ్స్ మధ్యలో. బీటిల్స్ తొలినాటి స్టీరియో రికార్డుల తరహాలో ఆలోచించి చేసిన అమరిక అది. రికార్డింగ్ మొత్తం ఖర్చు సుమారు 6,400 డాలర్లు!

టీషర్టుల మీది ఆ గుండ్రటి ముద్ర బ్యాండ్ చిత్రకారుడు ఆర్టురో వేగా గీసింది. ఈ ఆల్బమ్ ముందు అట్ట మీద అది లేనే లేదు. అక్కడున్నది ఇటుక గోడకు ఆనుకుని నిలబడ్డ నలుగురి నలుపు తెలుపు ఫోటో.

మిగిలిందేమిటో ఇతర బ్యాండ్లు రామోన్స్ పాటలు వాయించిన 2003 నాటి నివాళి ఆల్బమ్‌లో వినండి. "బీట్ ఆన్ ద బ్రాట్"ను యూ2, "53ర్డ్ అండ్ 3ర్డ్"ను మెటాలికా వాయించాయి. రెండూ ఈ తొలి ఆల్బమ్‌లోని పాటలే.