8 మంది సార్లు, 112 శాలువాలు

పాలమూరు వైపు మెన్నొనైట్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) మిషన్ బళ్లలో చదివి పాతికేళ్లు నిండిన పదో తరగతి బ్యాచ్‌లకు మనవి. ఆత్మీయ సమ్మేళనం ఆషామాషీగా చేసేది కాదు. దానికో శాస్త్రం ఉంది.

ముందు ఫ్లెక్సీ. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. పది వేలు ఇచ్చినవాడి ఫొటో నడుం దాకా, ఐదు వేలకు మెడ దాకా, రెండు వేలకు పాస్‌పోర్టు సైజు. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినరు. ఫ్లెక్సీ మీద రెండడుగులకు సాగేసరికి ముఖమంతా గళ్లు గళ్లు. మెన్నొనైట్లకు ఆ పేరు ఎవరి వల్ల వచ్చిందో ఆ మెన్నో సైమన్స్ ఫొటో మాత్రం ఎక్కడా ఉండదు. ఆడంబరం వద్దని బోధించి, 1536లో కేథలిక్ గురువు పదవి వదులుకున్న మనిషి ఆయన. పైగా చందా కట్టలేదు.

అసలు ఘట్టం సన్మానం. పిలిచిన సార్లు 8 మంది. ఒక్కొక్కరికి ఒక్కో శాలువా అనుకుంటే మీకు లోకజ్ఞానం లేదన్నమాట. పెద్ద చందాదారులు 14 మంది. ప్రతివాడికీ ప్రతి సారుకూ తన చేత్తోనే కప్పాలని ఉంటుంది. వెరసి 112 శాలువాలు. కప్పడం, కెమెరా వైపు తిరగడం, ఫ్లాష్ వెలగలేదని మళ్లీ కప్పడం, అంతా కలిపి నిమిషంన్నర. అంటే 168 నిమిషాలు. మే నెల, రేకుల షెడ్డు. ఐదో శాలువాకు లెక్కల సారు చెమటతో తడిసిపోతారు. తొమ్మిదోదానికి కళ్లజోడు లోపల ఎక్కడో ఉండిపోతుంది. పన్నెండోదానికి కుర్చీలో ఉన్నది లెక్కల సారో సోషల్ సారో వ్యాఖ్యాతకే తెలియదు. అయినా ఆయన కవిత్వం ఆపడు. మైకు స్పీకర్ బాక్సుకు ఎదురుగా ఉంది కాబట్టి ఆ కవిత్వానికి కూత తోడు. బాక్సులు మైకుకు ముందు, జనం వైపు తిప్పి పెట్టాలని ఆపరేటర్‌కు తెలుసు. బాక్సుల వెనక నిలబడితే వ్యాఖ్యాత వీడియోలో పడడు, అదీ బాధ.

మెన్నొనైట్ల సంప్రదాయంలో ఒకరి కాళ్లు ఒకరు కడగడమనే ఆచారం ఉంది. ఒక బేసిన్, చెంబెడు నీళ్లు, ఒక తువ్వాలు. దానికి వంగాలి. వంగితే ఫొటోలో నెత్తి తప్ప ముఖం పడదు, అందుకే శాలువా.

గ్రూప్ ఫొటో ఉదయం తొమ్మిదికి తీయాలి. ముఖ్య అతిథి వచ్చేది పన్నెండున్నరకు. నడినెత్తిన ఎండ, అందరి కళ్ల కిందా నల్లటి నీడలు. డ్రోన్ మాత్రం బాగానే ఎగురుతుంది.

ఇక చందా. మనిషికి రెండు వేలు. కట్టనివాళ్లను వాట్సాప్ గ్రూపులోంచి తొలగించబడును, ఇట్లు కమిటీ.

ఎవర్ని తొలగిస్తున్నారయ్యా? పాలమూరులో కూర్చుని ఈ మాట అనడానికి నోరెలా వచ్చింది? అమ్మానాన్నలు బొంబాయికి మట్టిపనికి పోతే, మిషన్ బోర్డింగ్‌లో పళ్లెం పట్టుకుని వరసలో నిలబడి చదివిన పిల్లలు మీ బ్యాచ్‌లో లేరా? వాళ్లలో కొందరు ఇప్పుడూ అడ్డా మీద కూలికి నిలబడుతున్నారు. రెండు వేలంటే రెండు మూడు రోజుల కూలి. పదో తరగతి తప్పినవాళ్లనైతే అసలు పిలవనే లేదు, తొమ్మిదేళ్లు పక్కన కూర్చున్నది లెక్కలోకి రాదు కాబోలు. ఏళ్ల తరబడి వండిపెట్టిన బోర్డింగ్ వంటమ్మ వస్తే బిర్యానీ డేగిసాల దగ్గర నిలబెట్టారు. సిగ్గుండాలి!

శాలువా 250 చొప్పున 112కు 28,000. మనిషికి రెండు వేల లెక్కన సరిగ్గా 14 మంది చందా. లెక్కల సారు ఊపిరాడక ఉన్నారు గానీ, లేకుంటే ఆయనే బోర్డు మీద వేసి చూపేవారు. సారుకు ఒక్కటి చాలు, మిగతా 104 శాలువాల డబ్బుతో 13 మందిని పిలవండి, వంటమ్మకు ముందు వరసలో కుర్చీ వేయండి. నంబర్లు దొరకలేదని మాత్రం చెప్పకండి. మీ అడ్మిన్ తీసేసిన ప్రతి నంబరూ ఆ గ్రూపులోనే ఉంటుంది, కాస్త పైకి జరిపి చూడండి.