చింతమానును ముక్కలు చేయించిన లైబ్రరీ గారికి

వెబ్ పేజీల్లో త్రీడీ బొమ్మలు గీసిపెట్టే రెడీమేడ్ కోడ్ మూట, బుల్లి జావాస్క్రిప్ట్ లైబ్రరీ గారికి విజయనగరం నుంచి నమస్కారాలు.

తమరి దయవల్ల నా ఆదివారం మధ్యాహ్న భోజనం సాయంత్రం అయిదింటికి అయింది. ఘనం, గోళం, స్థూపం, శంకువు ఏదైనా నాలుగు వరుసల కోడ్‌తో గీయవచ్చని తమరు సెలవిచ్చారు. నిజమే, గీశాను. ఆ ధైర్యంతోనే మేనకోడలికి సిరిమాను బొమ్మ చేసిపెడతానని మాటిచ్చాను. అదే, మా పైడితల్లి అమ్మవారి జాతరలో కొసన పూజారి గారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి చింతమాను. బండికి ఒక దిమ్మ, మానుకు సన్నటి స్థూపం, కొసన పూజారి గారికి చిన్న గోళం. అంతే కదా!

పూజారి గారిని పైకెక్కించాలని ఎత్తు చెప్పే వై విలువ పెంచితే ఆయన భూమిలోకి దిగిపోయారు. తమరి లోకంలో కిందికి దిగడమే పెరగడమట, సరే. మానును తిప్పుదామని 90 అని రాస్తే 14 చుట్లు తిరిగి ఎటో వంకరగా ఆగింది. తమరికి డిగ్రీలు పనికిరావు, కోణాలు కొలిచే ఇంకో కొలత రేడియన్లే కావాలి. అదీ సర్దుకున్నాను.

బొమ్మను కాస్త తిప్పగానే, బండి వెనక ఉండాల్సిన మాను మొదలు బండి మీదికి వచ్చేసింది. ఇంకాస్త తిప్పితే పూజారి గారు మాను చాటున మాయం. ఏది ముందు, ఏది వెనక అని తేల్చడానికి తమరు చూసేది ఒక్కో ఆకారం నడిమధ్య బిందువునే! దూరంవి ముందు పూసి, దగ్గరివి వాటి మీద పూసేస్తారు. లడ్డూకి ఆ లెక్క చాలు. అంత పొడవు మానుకు మొదలు ఒక చోట, కొస ఒక చోట ఉండవూ? తెర మీద ప్రతి చుక్క లోతునూ గుర్తుపెట్టుకునే పద్ధతి 1974లోనే వచ్చింది. తమరి నాజూకు నడుముకు అది బరువట.

మరి ఉపాయం? ఒక్కో ముక్కకు ఒక్కో నడిమధ్య బిందువు ఉండేలా మానును ముక్కలు చేయాలట! అమ్మవారు కలలో చూపించిన చెట్టయ్యా అది! పసుపు కుంకుమలతో పూజ చేసి తెచ్చే చింతమానును ముక్కలు చేయమంటావా? నీకు బుద్ధుందా? తెలిస్తే నన్ను అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలిలో నిలబెట్టి అడగరూ? ఒక్క మాను నిలబెట్టలేనివాడివి త్రీడీ అని బోర్డెందుకు పెట్టుకున్నావు?

కోశాను. లెంపలేసుకుని మరీ కోశాను. ఆరు ముక్కలు చాలలేదు, 12 పట్టాయి.

మేనకోడలు తెర మీద వేలు పెట్టి తిప్పింది. మాను కోట ముందు ఊగినట్టే మెల్లగా ఊగింది. “మామయ్యా, పూజారి గారు ఎటు తిప్పినా కనిపిస్తున్నారు!” అంది. నీ మీద కోపం మాత్రం పోలేదు. వచ్చే ఆదివారానికి అదే జాతరలో వచ్చే తెల్ల ఏనుగు కావాలట. తొండాన్ని ఎన్ని ముక్కలు చేయాలో ఇప్పుడే చెప్పు.