తల్లిదండ్రులకు తగిన పోనీ

ఇంగ్లండులో అయిదారేళ్ళ పిల్లలకు స్వారీ నేర్పడానికి మొదటి పోనీని ఎలా ఎన్నుకోవాలన్న విషయంపై నిపుణుల సలహాలకు కొదవ లేదు. మూపు దగ్గర 148 సెంటీమీటర్లకు మించని పొట్టి గుర్రాన్ని అక్కడ పోనీ అంటారు. ఆ సలహాలలో నాకు కనిపించిన లోపం ఒక్కటే: అవన్నీ బిడ్డ క్షేమాన్ని మాత్రమే దృష్టిలో పెట్టుకొని చెప్పినవి. డబ్బు చెల్లించేది బిడ్డ కాదు. జనవరి చీకట్లో, వానలో, లాయంలోని పేడ ఎత్తేదీ బిడ్డ కాదు. కనుక ఇంతకాలం ఎవరూ పట్టించుకోని పక్షం, అనగా తల్లిదండ్రుల పక్షం వహించి వాదించడం నా విధిగా భావిస్తున్నాను.

నిపుణుల వాదన ఇది. మొదటి పోనీ వయసు పన్నెండుకు తగ్గకుండా ఉండడం మేలు, ఇరవై దాటినా పరవాలేదు. పోనీలు ముప్పై ఏళ్ళు బతకడం వింతేమీ కాదు. అది ఇదివరకే ఇద్దరు ముగ్గురు పిల్లలను పెంచి పెద్దచేసి ఉండాలి. పక్కనుంచి ట్రాక్టరు పోయినా, ఎదురుగా గొడుగు తెరుచుకున్నా, జీను మీది పిల్ల ఒక పక్కకు జారిపోయినా, ఎవరో ఒకరు వచ్చి సరిచేసేదాకా ఏదో పాత సంగతి గుర్తు చేసుకుంటున్నట్టు కదలకుండా నిలబడాలి. ఎక్కినవారికి తెలియకపోతే మోసేదానికైనా తెలియాలని, ఇద్దరికీ తెలియకపోతే మిగిలేవి ఒంటిమీద కమిలిన మచ్చలేనని అక్కడి గుర్రాలవాళ్ళు చెబుతారు.

తల్లిదండ్రుల సిద్ధాంతం ఇంతకంటె ఉదాత్తమైనది. నాలుగేళ్ళ పోనీని, అయిదేళ్ళ పిల్లను ఒకచోట చేర్చితే ఇద్దరూ కలిసి నేర్చుకుంటారు, కలిసి పెరుగుతారు, కలకాలం స్నేహితులుగా ఉంటారు. ఇందులోని పొదుపును విద్యాశాఖలు ఇంకా గుర్తించకపోవడం శోచనీయం: ఒకటో తరగతి పిల్లలకు ఒకటో తరగతి పిల్లలచేతనే పాఠాలు చెప్పిస్తే ఉపాధ్యాయుల జీతాలన్నీ మిగిలిపోతాయి. అక్షరం రాని ఉపాధ్యాయుడు విద్యార్థిని ముళ్ళపొదలో విసిరివేయడు కదా అని ఎవరైనా ఆక్షేపిస్తే, విద్యలో ఆ మాత్రం క్రమశిక్షణ అవసరమేనని నా సమాధానం.

రంగు అన్నిటికంటె చివర చూడవలసిన విషయమని కూడా నిపుణులు అంటారు. ఇక్కడ వారు శతాబ్దాల జ్ఞానాన్ని కాదంటున్నారు. ఒక కాలు తెల్లనిదైతే కొనవచ్చునని, రెండయితే ఎక్కి చూడవలెనని, మూడయితే అనుమానించవలెనని, నాలుగూ తెల్లనివయితే వదిలి రావలెనని చెప్పే పాత పద్యమొకటి ఇంగ్లీషువారికి ఉంది. మన పెద్దలు సుళ్ళు చూసి బేరం ఖాయం చేసేవారు. ఏ సుడి ఎక్కడుంటే యజమానికి కలిసివస్తుందో, ఎక్కడుంటే కొంప మునుగుతుందో వారికి కంఠతా వచ్చు. ఈ కాలపు తల్లిదండ్రులు రెండు శాస్త్రాలనూ ఒకే సూత్రానికి కుదించారు: ఫోటోలో బాగుంటే అదే మంచి గుర్రం.

ఈ సూత్రాన్ని తేలికగా తీసివేయరాదు. అక్కడి పల్లెటూరి ప్రదర్శనలలో చిన్నపిల్లల కోసం పగ్గం పట్టి నడిపించే పోటీ ఉంటుంది. పోనీ 122 సెంటీమీటర్లకు మించకూడదు. బిడ్డ జీను మీద కూర్చుంటుంది. పెద్దవారొకరు పక్కన నడుస్తూ పోనీని నడిపిస్తారు, వారు టోపీతో సహా పెళ్ళికి వచ్చినట్టు ముస్తాబై రావడం మర్యాద. తల్లి టోపీ, బిడ్డ జడ రిబ్బను, పోనీ నుదుటి పట్టీ ఒకే రంగులో మెరిసే వేళ, ఆ ముగ్గురిలో పోటీకి వచ్చినదెవరో చప్పున తెలియదు. నిపుణులు మెచ్చే బురదరంగు ముసలి పోనీకి నప్పే టోపీ ఏ దుకాణంలో దొరుకుతుందో వారు ఎన్నడూ చెప్పలేదు.

ఇక షెట్లాండ్ జాతి సంగతి. 107 సెంటీమీటర్లకు మించి పెరగని ఆ పోనీ మీదనుంచి పడినా ఎంత ఎత్తునుంచి పడతారు లెమ్మని తల్లిదండ్రులు ధైర్యంగా ఉంటారు, లెక్క ప్రకారం అది నిజమే. అయితే ఈ జాతికి ఒక గతం ఉంది. 1842లో బ్రిటిష్ పార్లమెంటు ఆడవారినందరినీ, పదేళ్ళలోపు మగపిల్లలనూ బొగ్గుగనుల లోపలి పనినుంచి తప్పిస్తూ చట్టం చేసింది. ఆ తరువాత బొగ్గు బండ్లు లాగడానికి గనులలోకి దింపిన వాటిలో షెట్లాండ్ పోనీలు చాలా ఉన్నాయి. పిల్లలకు బదులుగా తమ పూర్వులు చీకట్లో చాకిరీ చేసిన సంగతి నేటి పోనీలకు గుర్తుందని నేను రుజువు చేయలేను. కాని పిల్ల జీను మీద సర్దుకొని కూర్చున్న మరుక్షణమే తల గభాలున కిందికి వంచి, పగ్గాలతోపాటు పిల్లనుకూడా మెడమీదుగా గడ్డిలోకి జార్చి, ఏమీ ఎరగనట్టు మేయసాగే షెట్లాండ్‌ను చూసినవారికి పాత బాకీ ఏదో వసూలవుతున్నదనే అనిపిస్తుంది.

తల్లిదండ్రుల తరఫున గట్టి సాక్షి రెండవ ఎలిజబెత్ రాణి. 1930లో నాలుగో పుట్టినరోజుకు తాత అయిదవ జార్జి ఆమెకు పెగ్గీ అనే షెట్లాండ్ పోనీని బహూకరించాడు. తొంభై నాలుగేళ్ళ వయసులోనూ ఆమె విండ్సర్‌లో ఫెల్ జాతి పోనీ మీద స్వారీ చేస్తూ కనిపించింది. షెట్లాండ్‌తో మొదలుపెట్టినవారు సింహాసనం దాకా పోవచ్చునని దీనివల్ల తేలుతున్నది. ఆ తాతకు లాయాలు, గుర్రాలు చూసే సిబ్బంది, వాటికి తోడు ఒక సామ్రాజ్యం ఉండేవన్నది చిన్న వివరం.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవారంటారు. పోనీ విషయంలో దాణాను తప్పించడమే పని. రాతి నేలల్లో, చలిగాలిలో, చాలీచాలని గడ్డితో బతకడానికి అలవాటుపడిన ఈ జాతులకు ఇంగ్లండు వసంతకాలపు పచ్చికలోని చక్కెర సరిపడదు. లామినైటిస్ వచ్చి డెక్కల లోపలి పొరలు వాచి, అడుగు తీసి అడుగు వేయలేని స్థితి వస్తుంది. అందుచేత యజమానులు పచ్చని మైదానాన్ని అద్దెకు తీసుకొని, అందులో గడ్డి లేని ఒక మూలకు కంచె కట్టి, పోనీని అక్కడ నిలుపుతారు. బయటికి వదిలినపుడు మూతికి చిక్కం కడతారు. మేతకు డబ్బు కట్టి మేయకుండా కాపలా కాసే ఈ వ్యవహారానికి, ఆరెనిమిది వారాలకొకసారి డెక్కలు చెక్కేవాడి కూలి అదనం. పోనీ అందమైనదైనా కాకపోయినా ఈ ఖర్చులలో తేడా ఉండదు గనుక అందమైనదానినే కొనడం గిట్టుబాటని గ్రహించాలి.

నిపుణులు వర్ణించే ఆ నిదానపు పోనీ, నిజానికి, అంగడికి రావడం అరుదు. ఒక ఇంట్లో ఆఖరి బిడ్డ కాళ్ళు పోనీ పొట్ట దాటి కిందికి దిగగానే ఒక ఫోను మాటతో అది పక్క ఊరి కుటుంబానికి వెళ్ళిపోతుంది, చాలాసార్లు అరువుగానే. సిఫారసు లేనిదే పని జరగదన్న జ్ఞానంతోనే విమానమెక్కిన మన తెలుగువారికి ఇది కలిసిరావలసిన విషయం. చిక్కేమిటంటే ఇక్కడ పట్టుకోవలసింది ఎమ్మెల్యేను కాదు, పిల్లలకు స్వారీ నేర్పడానికి 1929లో పుట్టిన పోనీ క్లబ్బు అనే సంఘపు స్థానిక శాఖలో ఎవరి బిడ్డ ఏ పోనీకి పెద్దదవుతున్నదో లెక్క తెలిసిన పెద్దావిడను, ఆవిడ దండలకూ శాలువాలకూ లొంగదు. మిగిలినవారు ప్రకటనలు చదువుకోవాలి. “చలాకీ అయినది, తెలివైనది, ధైర్యం గల పిల్లకు తగును” అన్న ప్రకటనలో అబద్ధమనేది ఒక్కటీ ఉండదు. ధైర్యం ఎందుకు కావలసివస్తుందని అడగనిది కొనేవారే.

బేరం ముగిసేముందు పశువైద్యుడు పోనీని అయిదు దశలలో పరీక్షిస్తాడు: నిలబెట్టి చూస్తాడు, నడిపించి పరుగెత్తించి చూస్తాడు, అలిసేలా పని చేయించి చూస్తాడు, విశ్రాంతి ఇచ్చి చూస్తాడు, మళ్ళీ పరుగెత్తించి చూస్తాడు. రక్తం కూడా తీసి ఆరునెలలు భద్రపరచే ఏర్పాటు ఉంది. చూడవచ్చిన రోజున అంత సాధువుగా నిలబడిన జంతువు ఇంటికి వచ్చాక వెనుక కాళ్ళ మీద లేస్తే, ఆనాటి సాధుత్వం మత్తుమందు మహిమా కాదా అని తేల్చుకోవచ్చు. ఏర్పాటు మెచ్చదగినదే కాని ఏకపక్షం. ఎన్నడూ ఒక పిల్లనైనా మోసి ఎరగని నాలుగేళ్ళ మీగడరంగు పోనీకి అడిగిన ధరంతా ఇచ్చి సంతకం చేసిన తండ్రి రక్తాన్ని కూడా అదే రోజు తీసి, అదే ఆరునెలలు, అదే ఫ్రిజ్‌లో ఉంచవలెనని బ్రిటిష్ ప్రభుత్వానికి మనవి చేస్తున్నాను. అందులో ఏదైనా మందు బయటపడితే ఆయన పరువు దక్కుతుంది.