వాల్యూమ్ నాబ్ నిర్వాసితులు

ప్రాజెక్టు కింద ఊరు మునిగితే పరిహారం ఉంది. రోడ్డు వెడల్పు చేస్తూ ప్రహరీ గోడ పడగొడితే పరిహారం ఉంది. ఒక రకం ఎలక్ట్రిక్ గిటార్ వదిలి ఇంకో రకానికి మారిన మనిషికి మాత్రం ఈ దేశంలో దిక్కూ దివాణం లేదు. తిరుపతిలో ఇలాంటి బాధితులు ఎంతమందో లెక్క తీసిన నాథుడు లేడు. మా మేడమీది గదిలో అద్దెకు మాత్రం ఒకడున్నాడు. ప్రజాసమస్య అనడానికి నాకు ఒకడు చాలు.

అబ్బాయిది కంప్యూటర్ ఉద్యోగం. ఇంటి నుంచే పని. ఊహ తెలిసినప్పటి నుంచీ వాడి చేతిలో ఉన్నది స్ట్రాటోకాస్టర్ రకం గిటార్, ముద్దుగా స్ట్రాట్. 1954లో అమెరికాలో లియో ఫెండర్ బజారులోకి తెచ్చిన నమూనా అది. రెండు కొమ్ములు, తీగల కంపనాన్ని కరెంటుగా మార్చే పికప్‌లు మూడు, ఒక్కోదానికి ఒకే చుట్ట కాబట్టి సింగిల్ కాయిల్ అంటారు, తీగల పక్కనే వాల్యూమ్ నాబ్. ఈమధ్య చెన్నైకి పోయి లెస్‌పాల్ రకం తెచ్చుకున్నాడు. అది 1952లో గిబ్సన్ కంపెనీ మొదలుపెట్టిన నమూనా. ఒంటి కొమ్ము, వాడు తెచ్చినదానికి రెండు హంబకర్లు (జంట చుట్టల పికప్‌లు), నాలుగు నాబ్‌లు, భుజం వంగిపోయే బరువు. తెచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, మాకందరికీ మైసూర్‌పాక్ పంచాడు. ఆ రోజు నుంచి వాయించడం ఆగిపోయింది. అలవాటు పడే కార్యక్రమం మొదలైంది.

"ఏం నాయనా, పైనించి చప్పుడే లేదు?" అని అడిగాను.

"వాల్యూమ్ నాబ్ లేదు మామా."

"అంత డబ్బు పోసినావే, నాబ్ కూడా లేకుండా అంటగట్టినారా?"

"ఉండాది మామా. ఉండాల్సిన తావున లేదు."

దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. స్ట్రాట్‌లో కుడిచేయి తీగలు మీటుతుంటే చిటికెన వేలు చాపినంత దూరంలో నాబ్ ఉంటుంది. పాట నడుస్తుండగానే వేలితో దాన్ని చుట్టి చప్పుడు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. లెస్‌పాల్‌లో నాబ్‌లు కిందికి, వెనక్కి జరిగి ఉంటాయి. ఏళ్ల తరబడి ఉద్యోగం చేసిన చిటికెన వేలు ఇప్పుడు పాత ఆఫీసుకే పోయి, అక్కడ ఎవరూ లేకపోతే కాసేపు గాలిలో నిలబడి, తిరిగి వస్తోంది. నేను కళ్లారా చూశాను. అయితే ఈ వేలి యజమానే రెండేళ్ల కిందట, "ఈ నాబ్ ఒకటి అడ్డం మామా, గట్టిగా వాయిస్తే చేయి తగిలి సౌండు పడిపోతా ఉంది" అని అదే నాబ్‌ను నోటికొచ్చినట్టు తిట్టాడు. బతికున్నప్పుడు తిట్టి, పోయాక ఏడ్చేది మన దగ్గర మనుషుల విషయంలోనే అనుకున్నాను.

ఇక పికప్‌లు మార్చే స్విచ్చి. స్ట్రాట్‌లో అది కింద, నాబ్‌ల వరసలోనే ఉంటుంది. లెస్‌పాల్‌లో పైన, మెడ మొదట్లో, భుజం వైపు. నాలుగు నాబ్‌ల కథ ఇంకా గంభీరం. ఒక్కో పికప్‌కు ఒక వాల్యూమ్, ఒక టోన్. స్విచ్చి మధ్యలో పెడితే రెండు పికప్‌లూ కలిసి పనిచేస్తాయి. అప్పుడు ఏ ఒక్కదాని వాల్యూమ్ సున్నాకు తెచ్చినా, మామూలు వైరింగులో, రెండూ మూగపోతాయి. సంకీర్ణ ప్రభుత్వం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి పరికరం పాఠశాలల్లో పెట్టలేం. మా వాడు దీని మీద ఒక ఆదివారం మొత్తం ఖర్చుపెట్టి, వైరు తెగిందని శబ్దం పెంచే పెట్టె, అదే యాంప్, విప్పేశాడు.

తీగ పొడవు దగ్గర అసలు లెక్క ఉంది. స్ట్రాట్‌లో మెడ కొసన ఉన్న నట్ నుంచి ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి దాకా తీగ పొడవు 25.5 అంగుళాలు. లెస్‌పాల్‌లో సుమారు 24.75. తేడా ముప్పావు అంగుళం. అదే తీగను అదే శ్రుతికి బిగిస్తే పొట్టి గిటార్‌లో బిగువు దాదాపు ఆరు శాతం తగ్గుతుంది. అంటే తీగ మెత్తబడుతుంది. పాత గిటార్ మీద పెట్టిన బలమే పెట్టి తీగను పక్కకు లాగితే, చేరాల్సిన స్వరం దాటి అవతలికి పోతుంది. ఇంట్లో సుబ్బరంగా అన్నమయ్య కీర్తన పల్లవి ఎత్తుకున్న మనిషి, రెండో సంగతిలో గాంధారం అనుకున్న చోట దాని పక్కింట్లో దిగుతున్నాడు. కింద గదిలో మా అవ్వ, "ఈ పిలగానికి గొంతు బాగలేదా ఏంది?" అంది. గిటార్ అని చెప్పాం. "గిటార్‌కు కషాయం ఇయ్యండి" అంది.

బరువు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బరువే. అయితే స్ట్రాట్ వెనక వైపు పొట్ట ఆనేచోట చెక్క లోపలికి చెక్కి ఉంటుంది. అంతకుముందు ఫెండర్ చేసిన పలక లాంటి గిటార్ అంచులు పక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని వాయించేవాళ్లు మొత్తుకుంటే చేసిన ఏర్పాటు అది. లెస్‌పాల్ వెనక అలాంటి దాక్షిణ్యం లేదు, చదునుగా ఉంటుంది. పొద్దున్నే నాలుగు కారం దోసెలు తిని కూర్చున్నవాడికి ఈ తేడా బాగా తెలుస్తుంది. నేరం మాత్రం చెక్క మీద పడుతుంది, దోసెల మీద పడదు.

అన్నిటికంటే విచిత్రం మోత విషయం. సింగిల్ కాయిల్ పికప్ తీగల కంపనంతో పాటు చుట్టూ ఉన్న కరెంటు మోతను కూడా పట్టుకుని యాంప్‌కు అందిస్తుంది. ట్యూబులైటు వేసినా, కింద మేం మిక్సీ వేసినా వాడి యాంప్‌లో తెలిసేది. మన కరెంటు 50 హెర్ట్జ్. పాశ్చాత్య స్వరాల్లో అది జి కంటే ఒక వెంట్రుక ఎక్కువ. ఇరవై నాలుగు గంటలూ ఆ శ్రుతిపెట్టె మోగుతుంటే, "దీనికి ఒక మందు కావాల మామా" అని వాపోయేవాడు. మందు 1955లోనే వచ్చింది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజినీరు రెండు కాయిల్స్‌ను ఎదురెదురు దిశల్లో చుట్టి, అయస్కాంతాల ధ్రువాలు కూడా తిరగేసి, మోత దానంతటదే కొట్టుకుపోయేలా, తీగ శబ్దం మాత్రం రెట్టించేలా చేశాడు. అదే హంబకర్. మా వాడు కొన్న గిటార్‌లో అవి రెండున్నాయి. ఇప్పుడు వాడి ఫిర్యాదు ఏమిటో తెలుసా? "మోత లేకపోతే యాంప్ ఆన్‌లో ఉండాదో లేదో తెలియడం లేదు మామా. టెన్షన్‌గా ఉండాది."

ఇంత కష్టాన్ని నేను సానుభూతితోనే చూద్దును. కానీ ఊరు తిరుపతి అయిపోయింది. సర్దుకోవడంలో ఈ ఊరికి మించిన ఊరు ఉంటే చూపించండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచి వందేళ్లకు పైగా మేం చిత్తూరు జిల్లావాళ్లం. 2022 ఏప్రిల్ 4న నిద్రలేచి చూస్తే మా ఊరే ఒక జిల్లా. చిరునామాలు మారాయి, కలెక్టరాఫీసు మారింది, ఎవరి ఫైలు ఎక్కడుందో కొన్నాళ్లు ఆ ఫైలుకే తెలియలేదు. అప్పటిదాకా నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట కూడా మా జిల్లాలోకి వచ్చి చేరింది. ఆ తరవాత కూడా రాకెట్లు ఎగురుతూనే ఉన్నాయి. ఒక్క రాకెట్టైనా "జిల్లా మారింది, ఇంకా చేయి తిరగలేదు" అని లాంచ్‌ప్యాడ్ మీద కూర్చుందా?

గంగమ్మ జాతర సంగతి చూడండి. మే నెల ఎండల్లో ఊరు ఊరంతా రోజుకో వేషం. ఒకరోజు బైరాగి, మర్నాడు బండ, ఇంకోరోజు మాతంగి. పొద్దున బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చున్న పెద్దమనిషి సాయంత్రం చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని తాతయ్యగుంట గంగమ్మ గుడి వైపు నడుస్తుంటాడు. చీర కుచ్చిళ్లు అలవాటు కావడానికి ఆయన ఎవరినీ గడువు అడగలేదు. అదే వీధిలో, అదే వారంలో, మా వాడు మేడమీద కూర్చుని ముప్పావు అంగుళం గురించి యూట్యూబ్ చూస్తున్నాడు.

వాడికి సర్దుకోవడం చేతకాదని కూడా అనలేను. తిరుపతిలో ఇల్లుందంటే అది బంధువుల లెక్కలో సత్రం. "దర్శనానికి వస్తున్నాం, మీరేమీ శ్రమ పడొద్దు" అని ఫోన్ వస్తుంది. శ్రమ పడొద్దన్నవాళ్లు ఒక జీపెడు మంది దిగుతారు. పోయిన నెల అలాగే దిగారు. మా వాడు మంచం ఇచ్చేశాడు, దుప్పటి ఇచ్చేశాడు, స్నానాల గది వంతు కోసం ఆఫీసు మీటింగు వాయిదా వేశాడు, రాత్రి వరండాలో పడుకున్నాడు. కొండ దిగొచ్చిన బంధువొకాయన, గుండు మీద గంధం ఆరకముందే లడ్డూ విరిచి అందరికీ పెట్టి, అదే చేత్తో లెస్‌పాల్ తీగల మీద పైనుంచి కిందికి ఒక గీకు గీకి, "వైరు పెట్టకపోతే పలకదా ఇది?" అన్నాడు. రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు మీద నెయ్యి మెరిసింది. పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర, మూడో తీగకూ నాలుగో తీగకూ మధ్య, చిన్న కలకండ పలుకు ఇరుక్కుంది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. వాడు ఏమీ అనకుండా దాన్ని పుల్లతో పైకి లేపి, కళ్లకద్దుకుని, నోట్లో వేసుకున్నాడు. ఇంత ఓర్పున్న మనిషి ఒక నాబ్‌ను క్షమించలేకపోతున్నాడు.

కారణం నాకు తెలుసు, చెబితే వాడు అద్దె ఆపేస్తాడు. అలవాటు పడటం అనేది వాయించడం కంటే సుఖమైన పని. వేళ్లు కాయలు కాయవు. పక్కింటివాళ్లు కేకలెయ్యరు. పైగా పని చేస్తున్నట్టే ఉంటుంది. ఇవాళ తీగల మందం మార్చాలి, రేపు బ్రిడ్జి ఎత్తు దించాలి, ఎల్లుండి తిరుపతి ఎండకు మెడ వంగిందేమో చూసి మెడ లోపలి ఇనప కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ను, తిప్పాలి. ఇవన్నీ అయ్యాక తీగలు మీటే పిక్ మందం సరిపోలేదని తేలుతుంది. ఏ రోజు చూసినా సెటప్ నడుస్తూ ఉంటుంది, పాట మాత్రం వచ్చే వారం.

వాద్యాన్నే తమకు సరిపెట్టుకున్నవాళ్లు లేరా అంటే, ఉన్నారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎనిమిది తీగల పాశ్చాత్య వాద్యాన్ని ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకుని, గమకం పలకదన్న దాని మీద గమకం పలికించారు. స్ట్రాట్ స్విచ్చికి మొదట మూడే గాట్లు. వాయించేవాళ్లు దాన్ని రెండు గాట్ల మధ్య ఇరికించి కొత్త శబ్దం కనిపెట్టారు, కంపెనీ 1977లో ఐదు గాట్ల స్విచ్చి పెట్టి ఒప్పుకుంది. ఇక్కడ మా వాడికి ఒక చిక్కుంది: వీళ్లంతా ముందు వాయించారు. అయితే వాడి పక్షాన కూడా ఒక గట్టి సాక్షి ఉన్నాడు. స్ట్రాట్ చేసిన లియో ఫెండర్‌కు అసలు గిటార్ వాయించడమే రాదు. ఆయనకు ఏ గిటార్‌తోనూ అలవాటు సమస్య వచ్చిన దాఖలా లేదు.

ఈ ఉద్యమానికి తీరని ద్రోహం చేసింది మాత్రం ఒక ఆర్కెస్ట్రా అన్న. పెళ్లిళ్లకు, జాతర్లకు వాయిస్తాడు. సొంత గిటార్ రిపేరులో ఉంటే ఎవరిది దొరికితే అది. మా వాడు లెస్‌పాల్ తీసుకుపోయి ఆయన ఒళ్లో పెట్టి, "ఎట్టుండాదన్నా?" అని అడిగాడు. ఆయన దాన్ని తిప్పి కూడా చూడలేదు. "ఆరు తీగలుండాయి గదా" అని, శ్రుతి సరిచూసుకుని, వరసగా మూడు పాటలు వాయించేశాడు. నాబ్ ముట్టుకోలేదు, స్విచ్చి ముట్టుకోలేదు. "అన్నా, వాల్యూమ్?" అంటే, "అది మిక్సర్ కాడ పిలకాయ చూసుకుంటాడులే" అన్నాడు. ఇలాంటి బాధ్యతారహితమైన వ్యక్తుల వల్లే నిజమైన బాధితుల గోడు ఎవరికీ వినబడటం లేదు. ఆయన మీద ఏ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చో లాయరు మిత్రుణ్ని అడుగుతున్నాను.

ప్రభుత్వానికి నా సూచన చిన్నది. బండి నేర్చుకునేవాడికి ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు, ఆరు నెలలు చెల్లుతుంది. గిటార్ రకం మార్చినవాడికి కూడా అలాంటిదే ఇచ్చి, గిటార్ మెడకు ఎర్ర అక్షరంతో ఎల్ బోర్డు కట్టాలి. గడువు లోపల ఎవరూ "ఏదీ, ఒక పాట వాయించు" అని అడగకూడదు. లేదా కొండమీద కంపార్ట్‌మెంట్లలో భక్తులను కూర్చోబెట్టినట్టు వీళ్లనూ ఒక హాల్లో కూర్చోబెట్టి, వేళకు పాలు, ఉప్మా అందిస్తూ, చిటికెన వేలు దారి మరిచిపోయాక ఒక్కొక్కరినీ బయటికి వదలాలి. ఉప్మా బాగుంటే మాత్రం బయటికి వస్తారన్న నమ్మకం నాకు లేదు.

ఈ విజ్ఞాపన రాస్తుండగానే మా వాడు మెట్లు దిగి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. తప్పు తనది కాదని తేలిందట, లెస్‌పాల్ తన చేతికి పడే రకమే కాదట. దాన్ని అమ్మేసి, ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉన్న ఏడు తీగల గిటార్ ఆర్డర్ పెట్టాడు. ఆ బ్రిడ్జిలో తీగలన్నీ స్ప్రింగుల బిగువుతో తూకంగా నిలబడి ఉంటాయి. ఒక తీగ తెగితే మిగతావన్నీ సంఘీభావంగా శ్రుతి తప్పుతాయి. తీగ మార్చాలంటే అలెన్ కీలు కావాలి, మధ్యాహ్నం ఖాళీ ఉండాలి.

"ఏడో తీగ దేనికి నాయనా?"

"కింద ఇంకా లోతుకు పోవచ్చు మామా."

"పైన ఆరు తీగలు?"

"వాటి సంగతి సెటప్ అయినాక చూస్తా మామా," అన్నాడు. "ముందు మెడ వెడల్పు అలవాటు కావాల."