దేశమాత గుడిలో ఎవరికి చోటు?

పుణ్యక్షేత్రాల్లో జాతీయ చిహ్నాలను నిలపవచ్చునా అన్న వాదం కొత్తది కాదు. నిలపవచ్చుననే నా అభిప్రాయం. అయితే ఆ చిహ్నం ఎంత ఎత్తున ఉందని కాక, ఎవరెవరిని గడప దాటనిస్తుందని చూసి దాని విలువ కట్టాలి.

కాశీలో ఈ ప్రశ్నకు 1936లోనే జవాబు దొరికింది. కాశీ విద్యాపీఠ్ ప్రాంగణంలో శివప్రసాద్ గుప్తా కట్టించిన భారతమాత మందిరాన్ని ఆ ఏడాది అక్టోబరులో గాంధీజీ ప్రారంభించారు. మూలవిరాట్టు ఉండవలసిన చోట అక్కడ విగ్రహం లేదు. పర్వతాల ఎత్తుపల్లాలు, నదీలోయలు, మైదానాలు, సముద్రాలతో సహా పాలరాతిలో మలచిన అవిభక్త భారతదేశపు పటం నేలమీద పరచి ఉంది. దర్శనానికి వచ్చినవాడు తల వంచి చూసేది తాను పుట్టిన నేలనే కనుక, అతడి కులమేమిటో, మతమేమిటో అడిగే అవసరం ఎవరికీ రాదు. అన్ని మతాలవారికీ, హరిజనులతో సహా అన్ని కులాలవారికీ అది ఉమ్మడి వేదిక కావాలని గాంధీజీ కోరుకున్నారు. మూడు వారాలైనా గడవకముందే, నవంబరు 12న, నేటి కేరళలోని తిరువాన్కూరు సంస్థానపు మహారాజు, అన్ని కులాల హిందువులకూ గుడి తలుపులు తెరిచే ఆలయ ప్రవేశ ప్రకటన వెలువరించారు. ఆ రెండు ఘట్టాలనూ కలిపి చదివితే తప్ప కాశీ మందిరం అర్థం కాదు. పుష్కరాలకు కాశీ వెళ్లే మన తెలుగువాళ్లు విశ్వనాథుడిని, విశాలాక్షిని, అన్నపూర్ణను దర్శించుకుని తిరిగివస్తారే గాని, కంటోన్మెంట్ స్టేషనుకు దగ్గరలోనే ఉన్న ఈ మందిరం వైపు వెళ్లేవారు అరుదు. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది.

దైవభక్తి, దేశభక్తి ఈ గడ్డమీద ఏనాడూ వేరుగా లేవనీ, తిలక్ గణపతి ఉత్సవాలతోనే జనాన్ని కూడగట్టారనీ, ఆలయంపై జెండా ఎగిరితే తప్పేమిటనీ అడిగేవారున్నారు. తప్పులేదు. రాంచీలోని పహాడీ మందిరమే అందుకు సాక్ష్యం. బ్రిటిషువారు స్వాతంత్ర్య యోధులను ఉరితీసిన కొండ అది. వారి స్మృతిలో అక్కడి శివాలయంపై స్వాతంత్ర్య దినోత్సవానికి, గణతంత్ర దినోత్సవానికి జాతీయ పతాకం ఎగరేయడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీ జనం గుండెల్లోంచి పుట్టింది. 2016 జనవరిలో అదే కొండమీద 293 అడుగుల స్తంభం నిలిపి, ఆనాటి రక్షణమంత్రి మనోహర్ పారికర్ చేత భారీ పతాకం ఎగరవేయించారు. గాలి ఉద్ధృతికి ఆ పతాకం పదేపదే చిరిగిపోయింది. త్యాగాన్ని తలచుకోవడానికి చిన్న జెండా సరిపోయిన చోట, కొలతల గొప్ప కోసం పతాకానికే అవమానం తెచ్చారు.

హిందూ ధార్మిక సంస్థల ద్వారాలను హిందువుల్లోని అన్ని వర్గాలకూ తెరిపించే అధికారాన్ని రాజ్యాంగం 25వ అధికరణంలోనే ప్రభుత్వానికిచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అయినా నేటికీ పోలీసుల రక్షణ ఉంటే తప్ప దళితులు గుడిమెట్లు ఎక్కలేని పల్లెలున్నాయి. క్షేత్రాల్లో దేశాన్ని ప్రతిష్ఠిస్తామంటున్న పాలకులు, దేవాదాయ శాఖలు ముందుగా ఆ పల్లెల జాబితా తయారుచేసి, అక్కడి గుళ్లలోకి అందరినీ తీసుకువెళ్లి, ఆ తరువాతే జెండాస్తంభానికి పునాది తవ్వాలి.